గెటిస్‌బర్గ్ సైన్యాల లెక్క: డివిజన్ అంటే అసలు ఎంతమంది?

ఎక్సెల్_వీరుడు

నెల రోజులుగా ఒక పిచ్చి పట్టుకుంది. అమెరికా అంతర్యుద్ధం, అందులోనూ 1863 గెటిస్‌బర్గ్ దండయాత్ర, జూలై 1 నుంచి 3 దాకా జరిగిన మూడు రోజుల యుద్ధం. రెండు పక్షాల సైన్యాలనూ ఒక ఎక్సెల్ షీట్‌లో పెడదామని కూర్చున్నా. పైన సైన్యం, దాని కింద కోర్, తర్వాత డివిజన్, బ్రిగేడ్, రెజిమెంట్, అట్టడుగున కంపెనీ. వంశవృక్షంలా చక్కగా వస్తుందనుకున్నా. రావడం లేదు.

ఉత్తరాది వాళ్ళ ఆర్మీ ఆఫ్ ద పోటోమాక్‌లో 7 పదాతి కోర్‌లు. దక్షిణాది జనరల్ లీ నడిపిన ఆర్మీ ఆఫ్ నార్తర్న్ వర్జీనియాలో 3. మనుషుల్ని చూస్తే అటు 90 వేల పైన, ఇటు 70 వేల పైన. మరి 7 ఎక్కడ, 3 ఎక్కడ? రెజిమెంటుకు వెయ్యి మంది అని ఒక పేజీలో రాస్తారు. పది పేజీలు తిప్పేసరికి 1వ మిన్నెసోటా రెజిమెంటు 262 మందితో దాడికి వెళ్ళిందంటారు. హుడ్ టెక్సాస్ బ్రిగేడ్ అని ఉంటుంది, తీరా చూస్తే ఆ రోజు దాన్ని నడిపింది హుడ్ కాదు, అందులో ఒక రెజిమెంటు టెక్సాస్‌దీ కాదు, ఆర్కన్సాది!

నా షీట్ తప్పా, పుస్తకాలు రాసినవాళ్ళు తప్పా? ఎవరైనా తేల్చండి, నిద్ర పట్టడం లేదు.

మిరపకాయ్_బజ్జి

ఇంగ్లిష్‌లో రాసేది కార్ప్స్, పలికేది కోర్. అక్కడే మొదలైంది మోసం. నేను చాలా రోజులు శవాల గురించి ఏదో రాశారనుకున్నా.

పాత_పటాలం

తమ్ముడూ, నీ షీట్ తప్పు కాదు, పుస్తకాలూ తప్పు కాదు. కాగితం మీద బలం వేరు, ఫాలిన్‌లో నిలబడే బలం వేరు. నేను 22 ఏళ్ళు నౌకరీ చేసి హవల్దారుగా దిగాను. పొద్దున్నే రిపోర్టు ఇచ్చేటప్పుడు ఉండాల్సినవాళ్ళు ఎంతమంది, ఉన్నవాళ్ళు ఎంతమంది అని రెండు అంకెలు చెప్పాలి. ఒకడు సెలవులో, ఒకడు ఆస్పత్రిలో, ఇద్దరు కోర్సులో, ఒకడు వంటశాలలో. రెండు అంకెలూ ఒకటైన రోజు నాకు గుర్తు లేదు. అది శాంతికాలంలో. రెండేళ్ళు యుద్ధం చేసిన రెజిమెంటు సంగతి ఊహించుకో.

ఇంకొకటి. వాళ్ళ రెజిమెంటునీ మన రెజిమెంటునీ కలపొద్దు. మన దగ్గర మద్రాస్ రెజిమెంట్ అంటే దాని కింద చాలా బెటాలియన్లుంటాయి, యుద్ధంలోకి దిగేది బెటాలియన్. అప్పటి అమెరికా వాలంటీర్ పదాతి రెజిమెంటు అంటే దాదాపుగా ఒక్క బెటాలియనే. 10 కంపెనీలు, కంపెనీకి వందకు కాస్త అటూ ఇటూ, కాగితం మీద వెయ్యి.

ఎక్సెల్_వీరుడు

బాబాయ్, వెయ్యి మంది రెండేళ్ళలో 262 అవుతారా? మిగతా 738 మంది చచ్చిపోయారా?

లెక్కల_మాస్టారు

అందరూ చనిపోలేదు. ఆ యుద్ధం మొత్తంలో చనిపోయిన సైనికుల్లో దాదాపు మూడింట రెండొంతులు రోగాలతోనే పోయారు. విరేచనాలు, టైఫాయిడ్, మశూచి. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు తట్టు కూడా అక్కడే మొదటిసారి సోకేది. గాయపడి ఇంటికి పోయినవాళ్ళు, పారిపోయినవాళ్ళు, బండ్ల మీదకో ఆస్పత్రి పనికో పంపినవాళ్ళు వేరే. 1863 వేసవికి రెజిమెంటు సగటున 300, 400 మధ్య ఉంటే మంచి స్థితిలో ఉన్నట్టే.

ఇప్పుడు నీ 7, 3 సంగతి. నేనే కూర్చుని లెక్కేశాను. గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాదికి 7 కోర్‌లు, 19 పదాతి డివిజన్లు, 51 బ్రిగేడ్లు. లీకి 3 కోర్‌లు, 9 డివిజన్లు, 37 బ్రిగేడ్లు. భాగించి చూడు. ఉత్తరాది డివిజన్‌లో సగటున మూడు బ్రిగేడ్లు కూడా లేవు. లీ డివిజన్‌లో నాలుగు, కొన్నిట్లో ఐదు. అంటే లీ డివిజన్ ఒక్కొక్కటి ఉత్తరాది కోర్‌లో సగానికి పైన, కొన్నిసార్లు ముప్పాతికకు దగ్గర. లీ కోర్ ఒకటి 20 వేల పైన. ఉత్తరాది 12వ కోర్ 10 వేలు కూడా లేదు.

పేరు ఒకటే, కొలత వేరు. మా ఊళ్ళో మానికకీ పక్క ఊరి మానికకీ తేడా ఉండేది, అలాగ.

మిరపకాయ్_బజ్జి

మాస్టారూ, భాగహారం చెప్తే నేను ఇప్పుడే వస్తానని బయటికి పోయే బాపతు. బడిలో కూడా అంతే.

హ్యారిస్‌బర్గ్_బావ

నేను గెటిస్‌బర్గ్‌కు గంట దూరంలో ఉంటాను. చుట్టాలు ఎవరొచ్చినా నయాగరా తర్వాత చూపించేది అదే, కాబట్టి ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. వీరుడి ప్రశ్నకు జవాబు అక్కడ నేల మీదే ఉంది. ఒక్కో రెజిమెంటుకు ఒక స్మారకశిల, దానికి అటూ ఇటూ మోకాలెత్తు చిన్న రాళ్ళు. ఆ రాళ్ళు రెజిమెంటు ఎడమ చివర ఎక్కడ, కుడి చివర ఎక్కడ అని చూపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు సరిహద్దు రాళ్ళనుకున్నా.

ఒకసారి మా అమ్మాయి ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది. వంద దాటి కొంచెం వెళ్ళేసరికి అయిపోయింది. "ఇంతేనా నాన్నా రెజిమెంటంటే?" అంది. అంతే మరి. 300 మంది రెండు వరుసల్లో భుజం భుజం ఆనించి నిలబడితే వరుసకు 150 మంది, మనిషికి రెండడుగుల చోటు, మొత్తం 300 అడుగులు. మన వీధిలో పది ఇళ్ళ వెడల్పు.

కళావరు_రాణి

ఐరిష్ బ్రిగేడ్‌ని చూస్తే వీరుడి ఎక్సెల్ ఏడుస్తుంది. పేరుకు ఐదు రెజిమెంట్లు. గెటిస్‌బర్గ్ చేరేసరికి ఐదూ కలిపి 530 మంది. అదే రోజుల్లో లీ వైపు 26వ నార్త్ కరోలినా ఒక్క రెజిమెంటులోనే 800 పైన ఉన్నారు. ఒక రెజిమెంటు ఒక బ్రిగేడ్ కంటే పెద్దది!

ఎక్సెల్_వీరుడు

అలా ఎందుకు వదిలేశారు? ఖాళీలు ఉంటే కొత్తవాళ్ళను అందులోనే వేయొచ్చు కదా?

కళావరు_రాణి

వేయొచ్చు. కానీ వాలంటీర్ రెజిమెంటును లేపేది ఢిల్లీ కాదు (అదే, వాషింగ్టన్ కాదు), రాష్ట్రం. కర్నల్‌ని వేసేది గవర్నర్. పాత రెజిమెంటుకు 600 మందిని పంపిస్తే గవర్నర్‌కు ఏం మిగులుతుంది? అదే 1000 మందితో కొత్త రెజిమెంటు పెడితే ఒక కర్నల్, ఒక లెఫ్టినెంట్ కర్నల్, ఒక మేజర్, పది మంది కెప్టెన్లు, ఇరవై మంది లెఫ్టినెంట్లు. ఊరూరా తన మనిషి ఒకడు.

మిరపకాయ్_బజ్జి

అర్థమైంది. నామినేటెడ్ పదవులు. కార్పొరేషన్ నిండా నష్టాలే, ఛైర్మన్‌కు మాత్రం కొత్త కారు.

కళావరు_రాణి

అంతే. విస్కాన్సిన్ మాత్రం పాత రెజిమెంట్లలోకే కొత్తవాళ్ళను పంపేది. విస్కాన్సిన్ రెజిమెంటు ఒకటి దగ్గరుంటే మామూలు బ్రిగేడ్ ఉన్నట్టేనని ఉత్తరాది జనరల్ షెర్మన్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. దక్షిణాది వాళ్ళు 1862 ఏప్రిల్‌లోనే నిర్బంధ సైనిక సేవ పెట్టి, పట్టుకొచ్చినవాళ్ళలో ఎక్కువమందిని పాత రెజిమెంట్లలోకే నెట్టారు. కొత్తవాడు పాతవాడి పక్కన నిలబడి నేర్చుకుంటాడు. కొత్త రెజిమెంటులో అందరూ కొత్తే, కర్నల్‌తో సహా.

దక్షిణపవనం

నేను చెప్పాలనుకున్నది రాణి గారు సగం చెప్పేశారు. ఏర్పాటు అంటే లీదే. బ్రిగేడంతా వీలైనంత వరకు ఒకే రాష్ట్రం వాళ్ళు, నాలుగైదు రెజిమెంట్లు, పైన అదే రాష్ట్రపు బ్రిగేడియర్. డివిజన్లు పెద్దవి, ఒక దెబ్బ కొడితే గట్టిగా తగులుతుంది. ర్యాంకులు కూడా పద్ధతిగా ఉన్నాయి. సైన్యానికి ఫుల్ జనరల్, కోర్‌కు లెఫ్టినెంట్ జనరల్, డివిజన్‌కు మేజర్ జనరల్, బ్రిగేడ్‌కు బ్రిగేడియర్ జనరల్. ఉత్తరాదిలో చూడండి. సైన్యాన్ని నడిపే మీడ్ మేజర్ జనరల్, ఆయన కింద కోర్ నడిపేవాళ్ళూ మేజర్ జనరల్సే, డివిజన్‌కు ఒకచోట మేజర్ జనరల్, ఇంకోచోట బ్రిగేడియర్, బ్రిగేడ్‌లను చాలా చోట్ల కర్నల్స్ నడిపారు. 1864 మార్చిలో గ్రాంట్‌కు ఇచ్చేదాకా అక్కడ లెఫ్టినెంట్ జనరల్ పదవిలో ఎవరూ లేరు. ఎవడు ఎవడి మాట వినాలి?

(దక్షిణం అంటే అభిమానం పేరు వల్లే, వాళ్ళ బానిసత్వం వల్ల కాదు. ముందే చెప్తున్నా.)

పాత_పటాలం

ఎవడు ఎవడి మాట వినాలంటే, ర్యాంకు ఒకటే అయినప్పుడు ఎవరికి ముందు వచ్చిందో వాళ్ళ మాట. సీనియారిటీ. ఏ సైన్యంలోనైనా అంతే.

హ్యారిస్‌బర్గ్_బావ

ఆ సీనియారిటీయే జూలై 1 సాయంత్రం తగవైంది బాబాయ్. పొద్దున రేనాల్డ్స్ చనిపోయాడు. ఆయన 1వ కోర్‌కే కాదు, ముందు నడుస్తున్న మూడు కోర్‌ల రెక్కకు కూడా పెద్ద. 1వ కోర్ డబుల్‌డే చేతికొచ్చింది, మైదానం మొత్తానికి అక్కడున్నవాళ్ళలో సీనియర్ అయిన హోవర్డ్ పెద్దయ్యాడు. మీడ్ ఇంకా దూరంలో ఉన్నాడు. నువ్వెళ్ళి చేతిలోకి తీసుకో అని 2వ కోర్ పెద్ద హాన్‌కాక్‌ను పంపాడు. హాన్‌కాక్ హోవర్డ్ కంటే జూనియర్! ఇద్దరూ సెమెట్రీ హిల్ మీద ఎదురెదురు నిలబడ్డారు. ఆ రోజు ఎవరు ఆజ్ఞాపించారు అన్నది తర్వాత ఏళ్ళ తరబడి ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్నారు. అయినా లైను నిలబడింది, అది వేరే సంగతి.

మిరపకాయ్_బజ్జి

పెళ్ళిలో పెద్దల్లుడు ఉండగా చిన్నల్లుడి చేతికి తాళాలిచ్చారన్నమాట.

లెక్కల_మాస్టారు

దక్షిణపవనం గారూ, లీ ఏర్పాటు పద్ధతిగా కనిపిస్తుంది కానీ అది నెల రోజుల కిందటి పద్ధతి. మే దాకా ఆయనకు రెండే కోర్‌లు. ఒకటి లాంగ్‌స్ట్రీట్‌ది, ఒకటి జాక్సన్‌ది. మే 10న జాక్సన్ పోయాడు. ఒక్కో కోర్ 30 వేలు, అంతమందిని ఒక మనిషి కనుచూపులో ఉంచుకుని నడపలేడు అని లీయే దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు రాశాడు. మే చివర్లో మూడు చేశాడు. లాంగ్‌స్ట్రీట్ పాతవాడు. యూవెల్, ఏ.పి.హిల్ ఇద్దరూ కోర్ నడపడం అదే మొదలు. జూన్ మొదటి వారంలో సైన్యం ఉత్తరానికి కదిలింది. కొత్త ఇంట్లో సామాను సర్దక ముందే పెళ్ళి పెట్టుకున్నట్టు.

జాక్సన్‌కు ఎలా చెప్పేవాడో వీళ్ళకూ అలాగే చెప్పాడు లీ. మీకు వీలనిపిస్తే చేయండి అన్న ధోరణి. చుట్టూ ఉన్న స్టాఫ్ అతి తక్కువ. నోటి మాటతో నడిచే ఏర్పాటులో నోరు తెలిసినవాడుండాలి.

దక్షిణపవనం

మరి మీడ్? జూన్ 28 తెల్లవారుజామున నిద్రలేపి సైన్యం చేతికిచ్చారు. మూడు రోజులకు యుద్ధం. కొత్త ఇల్లు కాదు, కొత్త ఊరే.

లెక్కల_మాస్టారు

నా మాటకు అదే సాక్ష్యం. ఫ్రెడరిక్ దగ్గర గుడారంలో పడుకున్నవాడిని లేపితే తనను అరెస్టు చేయడానికొచ్చారనుకున్నాడట, ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది. తనకు ముందు సైన్యాన్ని నడిపిన హుకర్ స్టాఫ్‌నే ఉంచుకున్నాడు, హుకర్ వేసిన కోర్‌లతోనే నడిచాడు. పైన మనిషి మారినా మర్నాటి పొద్దున్నే కోర్‌లన్నీ తమ రోడ్లు పట్టుకుని కదిలాయి. మొదటి రోజు నుంచి మూడో రోజు లోపల 1వ కోర్‌కు ముగ్గురు పెద్దలు మారారు. రేనాల్డ్స్, డబుల్‌డే, న్యూటన్. అక్కడ దేనికైనా నంబరే. 1వ కోర్, 1వ డివిజన్, 1వ బ్రిగేడ్. లీ దగ్గర అన్నీ మనుషుల పేర్లు. హుడ్ పైకెళ్ళి డివిజన్ పెద్దయినా కింద బ్రిగేడ్‌కు అతని పేరే, నడిపేది రాబర్ట్‌సన్. వీరుడి షీట్‌లో టెక్సాస్ గొడవ అక్కడిదే. 3వ ఆర్కన్సాను అందులో కలిపారు, ఎందుకంటే ఆర్కన్సా నుంచి ఆ సైన్యంలో ఉన్నది ఆ ఒక్క రెజిమెంటే, దానికి విడిగా బ్రిగేడ్ పెట్టలేరు.

దక్షిణపవనం

పేరుకోసం ప్రాణాలిస్తారు మాస్టారూ, నంబరు కోసం ఇవ్వరు.

కళావరు_రాణి

ఐరన్ బ్రిగేడ్ నంబరే మాస్టారు చెప్పినది. 1వ కోర్, 1వ డివిజన్, 1వ బ్రిగేడ్. ప్రాణాలు బాగానే ఇచ్చారు.

అసలు నంబర్లతో వచ్చిన చిక్కుకు హుకర్ మంచి విరుగుడు కనిపెట్టాడు. 1863 మార్చిలో ఒక్కో కోర్‌కు టోపీ మీద ఒక బిళ్ల. 1వ కోర్‌కు గుండ్రం, 2వ కోర్‌కు మూడాకులు, 3వ కోర్‌కు డైమన్, 5వ, 6వ కోర్‌లకు రెండు రకాల శిలువలు, 11వ కోర్‌కు నెలవంక, 12వ కోర్‌కు నక్షత్రం. రంగేమో డివిజన్‌ది. మొదటిది ఎరుపు, రెండోది తెలుపు, మూడోది నీలం. దూరం నుంచి టోపీ చూస్తే చాలు, వీడు ఎవడి మనిషో తెలిసిపోతుంది. ఎవడైనా వెనక్కి పారిపోతుంటే కూడా.

మిరపకాయ్_బజ్జి

మూడాకులంటే కళావరే కదా? రాణీ, మీ కోర్ దొరికింది! డైమన్ 3వ కోర్. ఇస్పేటు, ఆటీను ఎవరివి?

కళావరు_రాణి

గెటిస్‌బర్గ్‌లో ఆ రెండూ లేవు. మూడాకులు హాన్‌కాక్‌వి, మూడో రోజు లీ దాడికి పంపిన పికెట్ డివిజన్ వచ్చి గుద్దుకున్నది ఆ ముక్కకే. కళావరుదే ఆట.

నల్లరేగడి

ఇంతసేపూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. గుర్రాలను ఎవరూ అడగలేదు. నాది సేద్యపు ఇల్లు, రెండు జతల ఎడ్లకు మేత తేవడానికే మా నాన్న రోజంతా తిరిగేవాడు. ఉత్తరాది లెక్కలో గుర్రానికి రోజుకు 14 పౌండ్ల ఎండుగడ్డి, 12 పౌండ్ల దాణా. కలిపితే పన్నెండు కిలోలకు కాస్త తక్కువ. వెయ్యి గుర్రాలుంటే రోజుకు దగ్గర దగ్గర 12 టన్నులు. ఆరు ఫిరంగుల బ్యాటరీ ఒక్కదానికే వందకు పైన గుర్రాలు. ఒక్కో ఫిరంగికి ఆరు, దాని మందుగుండు బండికి ఇంకో ఆరు. మనిషి ఒక పూట పస్తున్నా నడుస్తాడు, పశువు నడవదు. ఎంత పెద్ద జనరల్ అయినా ఎటు పోవాలన్నది సగం గడ్డివామే చెప్తుంది.

లీ ఉత్తరానికి ఎందుకు పోయాడంటే పెన్సిల్వేనియాలో పంట ఉంది కాబట్టి. వర్జీనియాను రెండేళ్ళుగా ఊడ్చేశారు. అందుకే యూవెల్ కోర్ ఒక భాగం కార్లైల్‌లో, ఒక భాగం యార్క్‌లో, మిగతా సైన్యం ఛాంబర్స్‌బర్గ్ చుట్టూ. యుద్ధానికి అలా పరుచుకోరు, మేతకు పరుచుకుంటారు. యార్క్‌లో యూవెల్ కింద డివిజన్ నడిపిన ఎర్లీ లక్ష డాలర్లు అడిగితే ఊరివాళ్ళు 28 వేలు పోగుచేసి ఇచ్చారు.

మిరపకాయ్_బజ్జి

వినాయక చవితి చందా. లక్ష రాయమంటే 28 వేలు రాసి, మిగతాది నిమజ్జనం రోజు అన్నారు.

హ్యారిస్‌బర్గ్_బావ

రేగడి అన్నా, ఉత్తరాది వైపు గడ్డి రైల్లో వచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ దాకా ఒంటి పట్టాల లైను ఒకటి ఉండేది. టెలిగ్రాఫ్ లేదు, రైళ్ళు తప్పుకోవడానికి పక్క పట్టాలు లేవు. హెర్మన్ హాప్ట్ అనే ఇంజినీరు రైళ్ళను ఐదేసి గుంపులుగా పంపి, అన్నీ ఖాళీ అయి తిరిగొచ్చాకే తర్వాతి గుంపు వదిలి, రోజుకు 15 రైళ్ళు నడిపాడు. పెద్ద బండ్ల వరుసలన్నీ అక్కడే ఆపి, మైదానానికి మందుగుండు బండ్లు, అంబులెన్సులు మాత్రమే పోనిచ్చారు. వీరుడూ, హాప్ట్‌కు నీ షీట్‌లో గడి పెట్టావా?

ఎక్సెల్_వీరుడు

పెట్టలేదు. ఆయన ఏ కోర్?

హ్యారిస్‌బర్గ్_బావ

ఏ కోరూ కాదు. అందుకే అడిగా.

నల్లరేగడి

ఒక్క పక్క మాట. ఆ యుద్ధంలోనే అమెరికా పత్తి ఆగిపోయి మాంచెస్టర్ మిల్లులు మన దేశం మీద పడ్డాయి. ధర ఆకాశానికి పోయింది, 1865లో యుద్ధం అయిపోగానే దబ్బున పడింది. నల్లరేగడి ఉన్నచోటల్లా పత్తే వేసుకున్న రైతు మునిగాడు. మాకూ ఆ గెటిస్‌బర్గ్‌కూ అంత చుట్టరికం.

అక్షరం_ముక్క

రైలు ఇంజినీరుకే గడి లేదన్నారు కదా, లీ సైన్యం వెనక నడిచిన వేలమంది బానిసలకు ఏ గడి? బండ్లు తోలింది, వంట చేసింది, గుర్రాలను చూసుకున్నది, అధికారుల బట్టలు ఉతికింది వాళ్ళే. ఆ పనులన్నీ ఉత్తరాదిలో చాలావరకు సైనికుల లెక్కలో నుంచి పోతాయి. అందుకే లీ రెజిమెంటు 350 అంటే దాదాపు 350 తుపాకులు, అవతల 350 అంటే అందులో కొందరు బండి దగ్గరే. దక్షిణపవనం గారు మెచ్చుకుంటున్న ఆ గట్టి దెబ్బ వెనక ఈ చేతులున్నాయి. అదే దండయాత్రలో పెన్సిల్వేనియాలోని స్వేచ్ఛాజీవులైన నల్లవాళ్ళను కూడా పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయారు.

ఉత్తరాది షీట్ కూడా తెల్లగానే ఉంటుంది. నల్లవాళ్ళ రెజిమెంట్ల కోసం 1863 మేలో ఒక విభాగం పెట్టారు. గెటిస్‌బర్గ్‌లో ఆ రెజిమెంట్లు లేవు. అలాంటి రెజిమెంటు 54వ మసాచుసెట్స్ ఫోర్ట్ వాగ్నర్ కోట మీదికి వెళ్ళింది జూలై 18న, అంటే రెండు వారాల తర్వాత. యుద్ధం అయ్యేలోపు దాదాపు 1,79,000 మంది నల్లవాళ్ళు సైన్యంలో చేరారు. తెల్లవాడికి నెలకు 13 డాలర్లు, వీళ్ళకు 10, అందులో 3 బట్టలకు కోత. 1864లో గానీ సమానం కాలేదు. అధికారులు దాదాపు అందరూ తెల్లవాళ్ళే.

దక్షిణపవనం

ఒప్పుకుంటున్నా. ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

పాత_పటాలం

ముక్క గారు చెప్పింది మా భాషలో చెప్తే టీత్ టు టెయిల్. కోర ఎంత, తోక ఎంత. తోకను రికార్డులో చూపించకపోతే కోర పెద్దగా కనిపిస్తుంది.

ఫిరంగుల గురించి ఎవరూ రాయలేదు. ఉత్తరాది బ్యాటరీ 6 ఫిరంగులు, చాలావరకు అన్నీ ఒకే రకం. లీ బ్యాటరీ ఎక్కువగా 4, ఒకే బ్యాటరీలో రెండు మూడు రకాలు. రకానికో గుండు. యుద్ధం మధ్యలో ఈ పెట్టెలో ఏ గుండుందని వెతుక్కోవడం కంటే దరిద్రం ఇంకోటి లేదు, పడ్డవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

కళావరు_రాణి

అక్కడ ఉత్తరాదిలో కూడా ఒక గొడవ జరిగింది బాబాయ్. మే నెలలో ఛాన్సలర్స్‌విల్‌లో ఓడాక బ్యాటరీలను డివిజన్ల నుంచి తీసి కోర్‌కు ఒక ఆర్టిలరీ బ్రిగేడ్ చేశారు, పైన పెద్ద రిజర్వ్. అంతటికీ చీఫ్ హెన్రీ హంట్. జూలై 3న లీ ఫిరంగులు మోగినప్పుడు, గుళ్ళు దాచండి, పదాతి వచ్చినప్పుడు కావాలి అన్నాడు హంట్. హాన్‌కాక్ వచ్చి, నా సిపాయిలు దెబ్బలు తింటూ ఊరుకుంటే గుండె జారిపోతుంది, తిరిగి కొట్టండి అని తన కోర్ బ్యాటరీలకు చెప్పాడు. అవి కొట్టాయి, పికెట్ వచ్చేసరికి దూరపు గుళ్ళు అయిపోయాయి. పక్కనే రిజర్వ్ ఫిరంగులు నడుపుతున్న మెక్‌గిల్వరీకి కూడా చెప్తే, నేను మీ కోర్ కాదు అని వినలేదు. చనిపోయేదాకా హంట్, హాన్‌కాక్ ఈ విషయం మీద కలవలేదు. 2వ కోర్ ఫిరంగులన్నిటికీ పెద్ద ఎవరనుకున్నారు? హజార్డ్, ఒక కెప్టెన్. ఐదు బ్యాటరీలు, కెప్టెన్ ర్యాంకు. మేజర్ జనరల్ వచ్చి చెప్తే కాదనగలడా?

పాత_పటాలం

కాదనలేడు. నేను కెప్టెన్‌లను చూశాను.

హ్యారిస్‌బర్గ్_బావ

సర్వీసు గడువు సంగతి మరిచిపోయారు. అందరూ ఒకే కాలానికి సంతకం పెట్టలేదు. మూడేళ్ళవాళ్ళు, రెండేళ్ళవాళ్ళు, తొమ్మిది నెలలవాళ్ళు. 1863 మే, జూన్‌లలో వేలమంది గడువు తీరి మూట సర్దుకుని వెళ్ళిపోయారు, సరిగ్గా లీ కదిలేటప్పుడు. 2వ మెయిన్ రెజిమెంటు రెండేళ్ళది, ఇంటికి పంపించారు. అందులో 120 మంది తెలియకుండానే మూడేళ్ళ కాగితం మీద సంతకం పెట్టి ఉన్నారు. మేమూ పోతాం అని తుపాకులు పట్టలేదు. వాళ్ళను ఖైదీల్లా తెచ్చి 20వ మెయిన్ కర్నల్ ఛాంబర్లిన్‌కు అప్పగించారు, మాట వినకపోతే కాల్చమని కూడా చెప్పారు. ఆయన మొదట అన్నం పెట్టించాడు. తర్వాత మాట్లాడాడు. దాదాపు అందరూ కలిసిపోయారు. నెల తర్వాత గెటిస్‌బర్గ్‌లో లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్ట మీద ఉత్తరాది లైను ఎడమ చివర నిలబడ్డ 386 మందిలో మూడో వంతు వాళ్ళే.

స్టానర్డ్ వెర్మాంట్ బ్రిగేడ్ తొమ్మిది నెలల బాపతు. ఇంటికెళ్ళే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వచ్చి పికెట్ పక్కటెముకల్లో కాల్చారు. ఆ జూలైలోనే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

మిరపకాయ్_బజ్జి

నోటీస్ పీరియడ్‌లో కూడా ఇంత పని చేసేవాళ్ళు ఉంటారా! మా ఆఫీసులో రాజీనామా పెట్టాక కుర్చీ మీద తువ్వాలు మాత్రమే ఉంటుంది.

దక్షిణపవనం

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. లీ ఆశ్విక దళానికి పెద్ద అయిన స్టువర్ట్ ఎటో పోయాడు, లీకి కళ్ళు లేకుండా పోయాయి అంటారందరూ. స్టువర్ట్ తనతో తీసుకెళ్ళింది మూడు బ్రిగేడ్లే. రాబర్ట్‌సన్, జోన్స్ బ్రిగేడ్లను లీకే వదిలాడు. వాటిని వాడుకోకపోవడం ఏర్పాటు లోపం కాదు, మనుషుల లోపం.

లెక్కల_మాస్టారు

ఒప్పుకున్నాను. ఇది రాబర్ట్‌సన్ ఖాతాలో రాయాలి (గుర్రపు రాబర్ట్‌సన్, టెక్సాస్ రాబర్ట్‌సన్ కాదు, వాళ్ళిద్దరు వేరు). కానీ ఇంకొకటి చూడండి. లీ ఆశ్వికులు గుర్రాలు ఇంటి నుంచి తెచ్చుకోవాలి, దానికి ప్రభుత్వం రోజుకు 40 సెంట్లు ఇచ్చేది. గుర్రం పోతే ఇంటికెళ్ళి ఇంకోటి తెచ్చుకోవాలి, లేదంటే పదాతిలోకి. అలా రెజిమెంటులో చాలామంది ఊళ్ళలోనే ఉండిపోయేవాళ్ళు. ఉత్తరాదిలో ప్రభుత్వమే గుర్రం ఇచ్చేది.

ఎక్సెల్_వీరుడు

సరే, షీట్ మార్చేశా. కాగితం బలం, నిలబడ్డ బలం అని రెండు కాలమ్స్. బ్రిగేడ్‌కు పేరు ఒక గడి, ఆ రోజు నడిపినవాడు ఇంకో గడి. కోర్ బిళ్లల రంగులు కూడా వేశా, చూడ్డానికి బాగుంది. బండ్లు తోలినవాళ్ళకూ రైళ్ళకూ కింద వేరే పట్టిక మొదలుపెట్టా, అంకెలు దొరికినంత వరకు.

1వ మిన్నెసోటా దగ్గర ఆగిపోయా. 262లో 215 క్యాజువాల్టీస్. అంటే మిగిలింది 47 మందేనా?

పాత_పటాలం

క్యాజువాల్టీ అంటే చచ్చినవాడు మాత్రమే కాదు తమ్ముడూ. గాయపడినవాడు, కనిపించకుండా పోయినవాడు కూడా. ఆ సాయంత్రం లైనులో మళ్ళీ నిలబడగలిగినవాళ్ళు 47 అని అర్థం. మర్నాడు పికెట్ వచ్చినప్పుడు కూడా ఆ రెజిమెంటు లైనులోనే ఉంది.

ఎక్సెల్_వీరుడు

వేరే కాలమ్ కావాలి. చనిపోయినవాళ్ళు, గాయాలు, ఆచూకీ లేనివాళ్ళు. సరే.

కంపెనీలు మాత్రం ఇక తేలిక. పది కంపెనీలు కదా, ఏ నుంచి జే దాకా. ఒక రెజిమెంటుకు రాసి, ఉత్తరాది రెజిమెంట్లన్నిటికీ కిందికి లాగేశా. రెండొందల పైన ఉన్నాయి. నిన్న రాత్రి అదే పని.

కళావరు_రాణి

జే కంపెనీ లేదు వీరుడూ.

ఎక్సెల్_వీరుడు

ఏ రెజిమెంటులో?

కళావరు_రాణి

ఏ రెజిమెంటులోనూ. ఏ నుంచి ఐ దాకా, తర్వాత కే. చేతిరాతలో ఐ, జే ఒకలాగే ఉంటాయని వదిలేశారంటారు.

మిరపకాయ్_బజ్జి

వీరుడు ఎక్కడ? ఆన్‌లైన్‌లో కనిపించడం లేదు.

లెక్కల_మాస్టారు

ఫైండ్ అండ్ రీప్లేస్ వాడమని చెప్పండి. కాకపోతే జాక్సన్‌లో జే కూడా కే అయిపోతుంది, చూసుకోమనండి.